జయశంకర సుందరి బాల్యము

మహానటుల జీవితములను వారి యౌవనదశనుండి చదువుటకు మనము అలవాటుపడితిమి. వారికి బిరుదులు లభించిన దినము, వారి పాట వినుటకై జనులు రాత్రులు మేలుకొనిన దినము మనకు కనబడును. కాని అంతకు పూర్వము ఎనిమిది తొమ్మిదేండ్ల ప్రాయమున తల్లిదండ్రులను విడిచి, ఎరుగని పట్టణమున, ఎరుగని భాషలో పాటలు వల్లించుచు, కాళ్లు నొచ్చువరకు ఆడుచుండిన బాలుడు మన కంటబడడు. నటుని కీర్తి పెరిగినకొలదియు ఆ బాలుడు మరుగుపడును. గుజరాతీ నాటకరంగమున సుందరి యను పేరుతో మూడు దశాబ్దములు వెలసిన జయశంకర్ భూధరదాస్ భోజక్ చరిత్రమున మాత్రము ఆ బాలుడు స్పష్టముగ నిలిచియున్నాడు. ఆయన తన బాల్యమును మరువలేదు, దాచలేదు. కావున ఆ జీవితమునందలి తొలి యధ్యాయమును ఆంధ్ర పాఠకుల యెదుట నుంచుట ఉచితమని తలచుచున్నాము.

జయశంకర్ 1889వ సంవత్సరము జనవరి 30వ తేదీన ఉత్తర గుజరాతములో విస్‌నగరమునకు సమీపమున నున్న ఉంఢాయి గ్రామమున జన్మించెను. ఆ ప్రాంతము ఆనాడు బరోడా గాయక్వాడు ప్రభువుల యేలుబడిలో నుండెను. భోజకులు, నాయకులు అను కులములవారు అక్కడ తరతరములుగ గానమును నటనమును వృత్తిగ గైకొనినవారు. గుజరాతము నకు సొంతమైన భవాయి యను వీధినాటకము ఆ ప్రాంతమునందే పుట్టినది. పదునాలుగవ శతాబ్దమున అసాయిత ఠాకరు అను బ్రాహ్మణుడొకడు, తురుష్క సేనానికి చిక్కిన ఒక పటేలు కన్యను విడిపించుటకై ఆమె తన కుమార్తెయే యని చెప్పి, దానిని రుజువుపరచుటకు ఆమెతో సహపంక్తి భోజనము చేసెననియు, అందుకు కులమువారు వెలివేయగా ఆటపాటలతో జీవించుచు 360 వేషములను కూర్చెననియు ఐతిహ్యము. ఆ కన్య తండ్రియైన పటేలు, అనగా ఆ గ్రామపు పెద్దకాపు, కృతజ్ఞతతో నటుని కుటుంబమునకు భూమినిచ్చి నిలిపెనని చెప్పుదురు. ఐతిహ్యమునందలి వివరము లెట్లున్నను, నటునికి అన్నము పెట్టినది గ్రామమే యన్న సత్యము అందు కలదు.

ఈ కథ చదువునపుడు తెలుగువారికి కృష్ణాతీరమునందలి కూచిపూడి తప్పక జ్ఞప్తికి వచ్చును. అక్కడను బ్రాహ్మణ కుటుంబములు నాట్యమునకే అంకితమైనవి. గోలకొండ ప్రభువు తానీషా భాగవతుల ప్రదర్శనమునకు మెచ్చి అగ్రహార మిచ్చెనని ప్రసిద్ధి. అక్కడను స్త్రీవేషమును బాలురే నేర్చుచు వచ్చిరి. సత్యభామ వేషము ధరింపనిదే కూచిపూడి బాలుని విద్య పూర్తి కాదని పెద్దల నియమము. భవాయి నటులకును గ్రామములవారీగ యజమానులుండిరి. పంటలనంతరము వచ్చి ఆడి, తమ వంతు గైకొని పోవుట వారి హక్కు. మన పల్లెలలో భాగవతులకును, తోలుబొమ్మలవారికిని ఉన్న కట్టుబాట్లు ఎరిగినవారికి ఇది కొత్తగ తోచదు. అట్టి కట్టుబాటు ఉన్నంతకాలము నటుని కుమారుడు తండ్రి చెంతనే, తాత చెంతనే విద్య నేర్చెను. ఆ కట్టుబాటు సడలినపుడు ఆ బాలుని గతి యేమైనదో చెప్పునదియే జయశంకర్ కథ.

ఆయన పితామహుడు త్రిభువనదాసు సంగీతము నెరిగినవాడు. ఇంట రాగతాళములు వినుచు పెరిగిన బాలునకు బడి రుచింపలేదు. రెండవ తరగతివరకు చదివి విడిచెను. ఆ వయసున బడి రుచింపని బాలురు లోకమున అనేకులు కలరు. వారిలో పెక్కుమందిని తల్లిదండ్రులు బెదిరించియో బుజ్జగించియో మరల బడికి పంపుదురు. కాని పాడగల కంఠము, చూడచక్కని ముఖము, తాళము తప్పని కాలు గల బాలునకు ఆనాడు మరియొక ద్వారము తెరచియుండెను. అది నాటక కంపెనీ ద్వారము.

పందొమ్మిదవ శతాబ్దాంతమున ఈ కంపెనీలు ఎట్టివో కొంత చెప్పవలసియున్నది. 1853లో ముంబయిలో పార్సీలు తమ మొదటి నాటక మండలిని స్థాపించిరి. 1868లో విక్టోరియా నాటక మండలి వెలసెను. కొలదికాలమునకే వారు గుజరాతీతోపాటు ఉర్దూ నాటకములను ప్రదర్శింపసాగిరి. ఏలయనగా ఉర్దూ హిందుస్తానీలు తెలిసిన ప్రేక్షకులు దేశమంతటను ఉండిరి. విక్టోరియావారు 1872లో సాలార్‌జంగు ఆహ్వానమున హైదరాబాదునకు వచ్చి ఆడిపోయిరి. తరువాత పార్సీ కంపెనీలు కలకత్తా, రంగూను మున్నగు దూరపట్టణములకును పోయెను. రంగురంగుల తెరలు, యంత్రములతో కదలు దృశ్యములు, అడుగడుగునకు పాట, పాటకు తగిన ఆట, ఇవి వారి సొత్తు. కన్నడ దేశమునుండి ధార్వాడ నాటకసమాజములు కోస్తా జిల్లాలకు వచ్చిన తరువాత మన రంగస్థలము ఏ విధముగ మారినదో, పార్సీ కంపెనీల రాకతో ఉత్తర దేశపు రంగస్థలము ఆ విధముగనే మారినది. మన నాటకములలో పార్సీ మట్లు అని పేరుపడిన వరుసలు ఈ మార్గముననే మనకు చేరినవి.

ఈ నాటకములలో స్త్రీపాత్రలు అనేకము. రాణి, చెలికత్తెలు, అప్సరసలు, పరులు, గొల్లభామలు లేని నాటకము లేదు. కాని కులస్త్రీలు రంగమెక్కుట ఆనాడు ఊహింపరాని విషయము. మేరీ ఫెంటన్ వంటి యొకరిద్దరు నటీమణులు పార్సీ రంగమున ప్రవేశించినను అది నియమమునకు అపవాదమే. గుజరాతీ మండలులు స్త్రీలను చేర్చుకొనుటకు ఇష్టపడలేదు. కావున మీసము మొలవని, గొంతు మారని బాలురు కంపెనీలకు కావలసివచ్చిరి. నటనవృత్తి గల కులములున్న ఉత్తర గుజరాత గ్రామములు ఈ బాలురకు ఆటపట్టులైనవి. కంపెనీ మనుష్యులు అట్టి గ్రామములనుండి చురుకైన పిల్లలను ఏరుకొని పోవుచుండిరి. తల్లిదండ్రులకు కొద్దిపాటి జీతము చేరును. పిల్లవానికి అన్నవస్త్రములు కంపెనీయే ఇచ్చును. గ్రామ యజమానుల ఆదరము తగ్గుచుండిన దినములలో నటకుటుంబములకు ఇది ఒక ఆధారమాయెను.

ఈ విధముగ 1897లో జయశంకర్ కలకత్తాకు పోయెను. వయస్సు తొమ్మిదవ యేడు. దాదాభాయి థూంఠీ యను పార్సీ పెద్ద నడుపుచుండిన ఉర్దూ నాటక కంపెనీలో చేరెను. నెలకు జీతము ఆరు రూపాయలు. గుజరాతపు పల్లెనుండి కలకత్తాకు వేయి మైళ్లకు పైగా దూరము. తల్లి భాష గుజరాతీ. నాటకమున మాటలాడవలసినది ఉర్దూ. వీధిలో వినబడునది వంగభాష. గురువు పార్సీ. ఇట్టి పరిస్థితిలో ఒక పసివాడు ఎంత యొంటరియై యుండునో చెప్పుటకు కవిత్వ మక్కరలేదు.

ఆ కాలము దేశమునకును కఠినమైనదే. 1896లో ముంబయిలో మహామారి పొడసూపి వేలకొలది ప్రాణములను బలిగొనెను. 1899, 1900 సంవత్సరములలో గుజరాతమును ఘోరమైన క్షామము పట్టెను. విక్రమశకము 1956లో వచ్చినందున ఆ ప్రాంతమువారు దానిని ఛప్పనియా కరువని నేటికిని చెప్పుకొందురు. పశువులు కుప్పలుగ చచ్చెను. రైతు పొలములను విడిచి వలసపోయెను. రైతు చేత ధాన్యము లేనపుడు రైతు వాకిట ఆడు నటునికి ఏమి దక్కును? బాలుడు కలకత్తాలో నుండిన కాలమున స్వదేశపు స్థితి ఇట్లుండెను. తప్పక నెలనెలకు చేతికివచ్చు ఆరు రూపాయలు ఆ దినములలో పల్లెటూరి కుటుంబమునకు ఎంత విలువగలవో వ్యవసాయము చేయువారికి మేము వివరింపనక్కరలేదు. పిల్లలను పనికి పంపిన తల్లిదండ్రులను నిందించుటకు ముందు ఈ సంగతిని తలచుకొనవలెను.

కంపెనీలో ఆ బాలునకు ఇచ్చినవి చిన్న చిన్న స్త్రీవేషములు. నాయికకు చెలికత్తె, రాజసభలో నర్తకి, బృందగానమున ఒక కంఠము. నాటకము ఆరంభమగునపుడు బాలురందరును వరుసగ నిలిచి దైవప్రార్థన పాడుదురు. తరువాత నాటకమధ్యమున చెలుల గుంపుగ వచ్చి ఆడుదురు, పోవుదురు. రాత్రి తొమ్మిది పది గంటలకు మొదలైన నాటకము అర్ధరాత్రి దాటినను ముగియదు. అంతవరకును వేషము విప్పరాదు, నిద్రపోరాదు. ప్రేక్షకుడు ఆ గుంపులో ఎవ్వని ముఖమును ప్రత్యేకముగ గుర్తుంచుకొనడు. కాని ఒక్క బాలుని అడుగు తప్పినచో ఆటయంతయు చెడును. కీర్తి లేదు, బాధ్యత మాత్రము కలదు. నాలుగేండ్లు జయశంకర్ జీవితము ఇట్లు గడచినది.

ఆ నాలుగేండ్లు వ్యర్థమైనవని చెప్పుటకు వీలులేదు. థూంఠీ రంగస్థలమున తల నెరసినవాడు, క్రమశిక్షణ విషయమున కఠినుడని పేరొందినవాడు. పదమును స్పష్టముగ ఉచ్చరింపనిదే ముందుకు సాగనిచ్చువాడు కాడు. ఉర్దూలోని కంఠ్యాక్షరములను, గజలు నడకను, సంభాషణలో ఎక్కడ ఆగవలెనో ఎక్కడ ఊపిరి పీల్చవలెనో ఆ బాలుడు ఇక్కడనే నేర్చెను. పుస్తకము చదివి కాదు, విని, వల్లించి, దెబ్బలాడక వల్లించి నేర్చెను. ఆటయందు భుజములను ఎట్లు వంచవలెను, చేలాంచలమును ఎట్లు పట్టవలెను, రంగమున తన చోటును కన్నెత్తి చూడకయే ఎట్లు గుర్తింపవలెను అన్న సూక్ష్మములు శరీరమునకే పట్టినవి. మాటలు తక్కువగల పాత్రలగుటచే ముఖమును, చేతులను, నడకను గూర్చి శ్రద్ధ ఎక్కువాయెను. పెద్దనటులు ఆడుచుండగా ప్రక్కతెర చాటున నిలిచి చూచుటయే ఆ బాలుని పాఠశాల. తరువాతి కాలమున ఆయన అభినయమున అతిశయోక్తి లేదనియు, చిన్న చలనముతో పెద్ద భావమును చూపెననియు అందరును మెచ్చిరి. ఆ మితమైన అభినయమునకు బీజము ఈ గుంపువేషములలోనే పడినదని మా అభిప్రాయము.

అయినను దీనికి మరియొక ప్రక్క కలదు. ఆ కంపెనీలలో చేరిన బాలురందరును సుందరులు కాలేదు. పదునాలుగు పదునైదేండ్లకు గొంతు మారును. ముఖమున నూనూగు మీసము వచ్చును. ఎముకలు ముదిరి నడకలోని సౌకుమార్యము పోవును. అంతటితో కంపెనీకి ఆ బాలునితో పనిలేదు. పురుషపాత్రలకు తగినవాడైన నిలుచును, లేనిచో తెరలు లాగువాడుగనో, వేషములు మడతపెట్టువాడుగనో మిగులును. చదువు లేదు. పొలము దున్నుట రాదు. ఊరికి పోయినచో ఊరు పరాయిది. ఇట్లు మధ్యలో విడిచిపెట్టబడిన బాలురు ఎందరో! వారి పేర్లు ఏ చరిత్రయందును లేవు. ఒక్క జయశంకర్ చరిత్రము చదివి ఈ పద్ధతి మంచిదని నిర్ణయించుట, లాటరీలో గెలిచిన యొక్కని చూచి లాటరీ మంచి వ్యాపారమని నిర్ణయించుట వంటిది.

1901లో జయశంకర్ ముంబయికి వచ్చి ముంబయి గుజరాతీ నాటక మండలిలో చేరెను. ఛోటాలాల్ కపాడియా దాని యజమానులలో ముఖ్యుడు. ఇక్కడ ఆ బాలునకు మాతృభాష మరల లభించెను. నాలుగేండ్లు పరభాషలో గుంపునందు ఆడినవానికి స్వభాషలో నాయికపాత్ర దొరకెను. ఆ నాటకము సౌభాగ్యసుందరి. షేక్స్పియరు మహాకవి రచించిన ఒథెల్లో నాటకపు ఛాయలు కలది. అందు డెస్డెమోనాకు ప్రతిగ కల్పింపబడిన నాయిక పేరు సుందరి. పండ్రెండేండ్ల పల్లెటూరి బాలుడు, అనుమానమున దగ్ధుడగు భర్త చేతిలో నిర్దోషిగ బాధలుపడు భార్యగ రంగమున నిలిచెను.

మొదటిసారి ఆ పాత్రకు తగిన రవికయు చీరయు ధరించి అద్దమున చూచుకొనినపుడు, అందు కనబడినది తాను కాదనియు, తనలోనుండి ఒక సుకుమారియైన యువతి లేచివచ్చినట్లు తోచెననియు ఆయన తన జీవితకథలో చెప్పుకొనిరి. ఇది వేషగాని గర్వోక్తి కాదు. పాత్రను వెలుపలనుండి అతికించుకొనక లోపలనుండి పుట్టించుకొనుట యను నటధర్మము ఆ క్షణమున బాలునకు స్ఫురించెను. నాటకము విజయము పొందెను. ముంబయి జనులు నటుని పేరు మరచి పాత్ర పేరుతోనే ఆతనిని పిలువసాగిరి. ఆనాటినుండి జయశంకర్ భోజక్ జయశంకర సుందరి యాయెను. తండ్రి పెట్టిన పేరునకు కులనామము తోడుగ నుండుట సహజము. పండ్రెండేండ్లకే తన కృషి సంపాదించిన పేరు తోడగుట అరుదు. ఇంచుమించు ఈ కాలమునందే మహారాష్ట్రమున నారాయణ శ్రీపాద రాజహంసుడను బాలుని గానము విని లోకమాన్య తిలకు బాలగంధర్వ యను పేరు పెట్టెనని ప్రసిద్ధి. ఒకే పశ్చిమ తీరమున ఇరువురు బాలురు ఒకే కాలమున స్త్రీపాత్రలకు మెరుగుపెట్టుటకు సిద్ధమగుచుండిరి.

తరువాత విక్రమచరిత్ర నాటకమున పాలకుండ తలనెత్తుకొని వచ్చు గొల్లభామగ జయశంకర్ పాడిన పాట ముంబయి వీధులలో మారుమ్రోగెను. ఆట, పాట, మాట మూడును సమముగ మేళవించిన ఆ పాత్రయందు కలకత్తాలో నేర్చిన నర్తనము ఫలించినది. ఆ మండలికి నాటకములు సమకూర్చిన మూల్‌శంకర్ మూలాణీ రచించిన జుగల్ జుగారీ 1902లోను, కామలత 1904లోను రంగమెక్కెను. నాయకుడు బాపులాల్ నాయక్, నాయిక జయశంకర్. ఈ జంటను చూచుటకు జనము విరుగబడుచుండెను. బాపులాల్ నటుడు మాత్రమే కాదు, దర్శకుడు, కాలక్రమమున ఆ మండలికి యజమాని. తనకంటె పెద్దవాడైన ఆయన శిక్షణలో జయశంకర్ బాల్యమునుండి యౌవనమునకు జారిపడక నడచెను. సంగీతమున పండిత వాడీలాల్ నాయక్ వంటి విద్వాంసుని శిష్యత్వము లభించెను. గొంతు మారు కాలమున ఇతర బాలురు నష్టపోయినచోట ఈయన నిలువగలుగుటకు కారణము అదృష్టము మాత్రమే కాదు. గురువు దొరకుట, సాధన మానకుండుట, అందమునకంటె అభినయమును నమ్ముకొనుట, ఈ మూడును కారణములు.

ఆయన స్త్రీలను ఎట్లు పరిశీలించెనో చెప్పుకొనదగినది. గొప్పయింటి ఇల్లాలు, పేదరాలు, కొత్తకోడలు, గొల్లెత, వీరందరి నడకయు ఒక్కటి కాదు. చీర కట్టు తీరు వేరు, తల వంచు తీరు వేరు, కోపమును దిగమ్రింగు తీరు వేరు. ఈ భేదములను ఆయన శ్రద్ధతో గ్రహించి పాత్రపాత్రకు మార్చుచుండిరి. కొంతకాలమునకు విచిత్రమొకటి జరిగెను. ముంబయిలోని కులస్త్రీలు రంగస్థలమునందలి సుందరిని చూచి చీరకట్టును, నడకను, ముచ్చటను అనుకరింపసాగిరి. స్త్రీలను చూచి నేర్చిన పురుషుని చూచి స్త్రీలు నేర్చిరి. ఇందులో కళ గెలిచినమాట నిజము. సమాజపు లోపము బయటపడిన మాటయు నిజమే. నాటకశాలలో స్త్రీ ప్రేక్షకురాలుగ కూర్చుండవచ్చును, తన కష్టమును తాను నటించుటకు మాత్రము వీలులేదు. ఆమె కన్నీటిని ఒక బాలుడు కార్చవలసివచ్చెను.

ఈ విషయమున మన సురభివారిని స్మరింపకుండుట న్యాయము కాదు. కడప మండలమునందలి సురభి గ్రామమున 1885లో కీచకవధతో ఆరంభించిన వనారస వంశీయులు, తమ యింటి స్త్రీలనే స్త్రీపాత్రలయందు నిలిపిరి. వారి పిల్లలు తల్లి ఒడిలోనుండి నేరుగ రంగమునకు వచ్చిరి. కాని అక్కడ కంపెనీయనగా కుటుంబమే. బాలుడు ఆడి అలసినచో ప్రక్కతెర చాటున తల్లి యుండెను. 1932లో విడుదలయైన తొలి తెలుగు మాటలచిత్రము భక్తప్రహ్లాదలో ప్రహ్లాదుడుగ నటించినవాడును బాలుడే, ఆ చిత్రమునకు ఆధారమును సురభివారి నాటకమే. బాలుని కళకు కుటుంబము నీడ యుండుటకును, జీతపు పత్రము మాత్రము ఉండుటకును గల భేదమును ఉంఢాయి బాలుని పక్కన సురభి బాలుని నిలిపి చూచినపుడు మనము గ్రహింపవచ్చును.

జయశంకర్ 1932వరకు రంగమున నుండిరి. మాటలచిత్రములు వచ్చి నాటకశాలలు సినిమాశాలలుగ మారుచుండిన కాలమది. ఆయన స్వచ్ఛందముగ విరమించి విస్‌నగరమునకు పోయిరి. నలువదిమూడేండ్ల వయసున, ముప్పదేండ్లు కోమలాంగిగ కీర్తిగాంచినవాడు, కీర్తి తనను విడుచుటకు ముందే తాను దానిని విడిచిరి. అంతటితో కథ ముగిసినదని అందరును తలచిరి. కాని ముగియలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, అహమ్మదాబాదునందలి గుజరాత విద్యాసభ శతవార్షికోత్సవ సందర్భమున ఆయనను ఆహ్వానించెను. రమణభాయి నీలకంఠుని రాయినో పర్వత్ అను నాటకమును ప్రదర్శింపజేయు భారము ఆయనపై పడెను. పండితులు చదువదగినదేకాని ఆడదగినది కాదని తలచుచుండిన నాటకమది. పిమ్మట 1949లో నాట్యవిద్యామందిర మేర్పడగా అందు ఆయన గురువైరి. 1953లో రసిక్‌లాల్ పరీఖ్ రచించిన మేనా గుర్జరి భవాయి ఫణితిలో రంగమెక్కెను. నాయిక పాత్రను దీనా గాంధీ, అనగా తరువాత దీనా పాఠక్ గా ప్రసిద్ధి చెందిన విదుషి, ధరించెను. స్త్రీలకు రంగము నిషిద్ధమైన దినములలో స్త్రీగ నటించి పేరుగాంచిన పురుషుడు, వృద్ధాప్యమున ఒక స్త్రీకి ఆ స్థానమును సంతోషముతో అప్పగించి, తాను వెనుక నిలిచి దిద్దిరి. తాతల భవాయిని వదలి పార్సీ రంగమునకు పోయిన బాలుడు, అరువదేండ్లు దాటినపిదప మరల భవాయి యొద్దకే వచ్చెను. ఆయన జీవితమున ఇంతకంటె సార్థకమైన ఘట్టము లేదని మేము తలచుచున్నాము.

1957లో సంగీత నాటక అకాడమీవారు దర్శకత్వమునకు ఆయనను సన్మానించిరి. 1971లో భారత ప్రభుత్వము పద్మభూషణ బిరుదము నొసగెను. 1975 జనవరి 22వ తేదీన ఆయన పరమపదించిరి. అహమ్మదాబాదులో ఒక నాటకశాల ఆయన పేర వెలసినది. తన జీవితకథకు ఆయన పెట్టిన పేరునకు కొన్ని కన్నీళ్లు, కొన్ని పూలు అని అర్థము. ఏ కన్నీళ్లు ఏ వయసునాటివో మనము ఊహింపగలము.

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినదేమి? పసితనముననే కళను అభ్యసింపనిదే గొప్ప నటుడు కాడను మాటలో కొంత నిజము కలదు. కూచిపూడిలో బాల్యమున అడుగులు నేర్చి, సత్యభామగ దేశమును మెప్పించిన వేదాంతం సత్యనారాయణశర్మగారు మొదలైనవారే అందుకు నిదర్శనము. శరీరము లేతగ నున్నపుడు పట్టిన విద్య జీవితాంతము విడువదు. కావున పిల్లలను కళనుండి దూరముగ నుంచవలెనని చెప్పుట మా అభిమతము కాదు. కాని పిల్లవాడు కళను నేర్చుట వేరు, పిల్లవానిచేత కళను అమ్మించుట వేరు. మొదటిదానిలో లాభము పిల్లవానిది, రెండవదానిలో లాభము ఇతరులది.

నేటి చట్టము ఈ భేదమును కొంతవరకు గుర్తించినది. బాలకార్మిక నిషేధమునకై 1986లో చేసిన శాసనమును 2016లో సవరించినపుడు, దృశ్యశ్రవ్య వినోదములందు పిల్లలు నటించుటకు అనుమతి నిచ్చుచునే, వారి చదువునకు భంగము కలుగరాదని నియమించిరి. తరువాతి నిబంధనలు దినమునకు ఐదు గంటలకు మించి పని చేయింపరాదనియు, విశ్రాంతి లేక మూడు గంటలకు మించి నిలుపరాదనియు, సంపాదనలో నూటికి 20 వంతులకు తక్కువ కాకుండ బాలుని పేర బ్యాంకులో నిలువయుంచవలెననియు చెప్పుచున్నవి. 1897నాటి బాలునకు వీనిలో ఒక్కటియు లేదు. నియమములు కాగితముపై నుండుట సులభము. దూరదర్శన పోటీలలోను, చలనచిత్రములలోను, ఉత్సవములలోను అర్ధరాత్రివరకు ఆడుచున్న పిల్లలను చూచి చప్పట్లు కొట్టు పెద్దలు, ఆ పిల్లలు మరునాడు బడికి పోయిరా యని ఒక్కసారి విచారించినపుడే ఆ నియమములకు ప్రాణము వచ్చును. ఊరిలో ఉత్సవము జరిపించు పెద్దలకును, విరాళములిచ్చు భూస్వాములకును ఈ బాధ్యత ఎక్కువగ కలదు. ఆటకు ధనమిచ్చువారు ఆ ధనములో కొంత ఆడినవాని చదువునకు చేరునట్లు కట్టుదిట్టము చేయుట కష్టము కాదు.

రెండవ తరగతితో బడి విడిచి ఆరు రూపాయల జీతమునకు పోయిన బాలుడు, వృద్ధుడైన పిదప కోరి చేసిన పని ఒక పాఠశాలలో గురువై కూర్చుండుట. తాను ప్రక్కతెర చాటున నిలిచి దొంగచాటుగ నేర్చినదానిని, తరువాతివారు వెలుతురులో, క్రమముగ, గౌరవముతో నేర్వవలెనని ఆయన ఆశించిరి. తన బాల్యమునకు జరిగిన కొరతను ఎవ్వరిని నిందింపక ఈ విధముగ పూరించుకొనిరి. ఆయనను స్మరించుటకు తగిన విధము నాటకశాలకు పేరు పెట్టుటతో ముగియదు. మన పల్లెలలోను పట్టణములలోను పాడగల కంఠము, ఆడగల కాలు గల ప్రతి పిల్లకును పిల్లవానికిని గురువును, పలకను కూడ సమకూర్చుటయే ఆయనకు నిజమైన నివాళి.